జెండా పాటకూ తక్‌పట్టీకీ నడుమ

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి సీజన్ జోరు మీదున్న రోజుల్లో పొద్దున్నే ఒక పాట జరుగుతుంది. ఖరీదుదారులంతా ఒకచోట చేరి, ఆ పూట వచ్చిన సరుకులో మేలైన రాశిని చూసుకుని, పోటీపడి ధర పెంచుతారు. చివరికి ఖాయమైన దాన్ని జెండా పాట అంటారు. మర్నాడు పేపర్ల జిల్లా పేజీల్లో అచ్చయ్యేది ఆ అంకే. ఊళ్లో రైతు పత్తి ఎత్తుకుపోదామా, ఇంకో వారం ఆగుదామా అని తేల్చుకునేది ఆ అంకె చూసే. తీరా యార్డుకు వచ్చాక, తన రాశి ముందు నిలబడ్డ ఖరీదుదారు చెయ్యి దూది లోపలికి పోనిచ్చి, పిడికిలి బిగించి వదిలి, "తేమున్నది" అంటాడు. ఇంకొకాయన ఒక పింజ తీసి బొటనవేళ్ల మధ్య లాగి చూసి, "పొడుగు లేదు" అంటాడు. కాంటా అయ్యాక తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీద పడే ధర జెండా పాటకు ఎంత దిగువన ఉంటుందన్నది ఆ రెండు మాటల మీదే ఆధారపడుతుంది.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్న వెంట ఒక యార్డుకు పోయాను. ఒకే చేను, ఒకే ఏరుడు పత్తి. బస్తాలు రెండు చోట్ల దించవలసి వచ్చింది. ఇద్దరు ఖరీదుదారులు రెండు ధరలు రాశారు. ఎందుకని నాన్న అడిగితే అడ్తిదారు "గంతే" అన్నాడు. ఆ "గంతే" ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదలే ఆ తర్వాత నన్ను పత్తి చరిత్ర వైపు లాగింది.

పత్తికి నిజంగా రెండు ధరలుంటాయి. ఒకటి ఫలానా రకానికి ఇంత అని లోకమంతా వినే మూల ధర. రెండోది ఆ రకానికి తగ్గిన సరుకుకు కోసే కోత, మించిన దానికి ఇచ్చే అదనం. మొదటిది ఎప్పుడూ బయటే ఉంటుంది. రెండోది ఎవరు రాయాలి, ఎక్కడ రాయాలి, ఎన్నాళ్లకొకసారి మార్చాలి అన్నదాని మీదే పత్తి వ్యాపారంలో పెద్ద తగాదాలన్నీ నడిచాయి.

లివర్‌పూల్‌తో మొదలుపెడదాం. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి ఓడల్లో వచ్చిన పత్తి అక్కడే దిగి లాంకషైర్ మిల్లులకు పోయేది. దళారులు నమూనా చేతిలోకి తీసుకుని రంగు, చెత్త, పింజ చూసి బేరమాడేవారు. ఆ చూపుల్లోంచే రకాల పేర్లు పుట్టాయి: ఫెయిర్, మిడ్లింగ్, గుడ్ ఆర్డినరీ. వీటిలో మిడ్లింగ్ క్రమంగా కొలబద్ద అయింది. మిగతా రకాలను దానికి ఇంత పైన, ఇంత కింద అని చెప్పడం అలవాటైంది. 1841లో దళారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారం వారం అమ్మకాలు, నిల్వలు, ధరలు ఉమ్మడి పత్రంగా వెలువడసాగాయి. అంతకుముందు ఏ దళారీ తన ఖాతాదారులకు రాసుకున్న ఉత్తరం వాళ్లకే. ధర పదిమందీ చదివే వార్త అయింది ఈ పత్రాలతోనే.

అప్పట్లో వార్త, సరుకు ఒకే సముద్రం మీద ఓడల్లోనే ప్రయాణం చేసేవి. 1866లో అట్లాంటిక్ అడుగున తంతి తీగ నిలకడగా పనిచేయడం మొదలయ్యాక ధర నిమిషాల్లో దాటిపోయింది, పత్తి మాత్రం రోజుల తరబడి ఓడలోనే ఉంది. వ్యాపారి చేతిలో నమూనా లేకుండానే కొనవలసి వచ్చింది. చూడకుండా కొనాలంటే పేరు మీద గురి కుదరాలి. న్యూయార్క్‌లో మిడ్లింగ్ అన్నది లివర్‌పూల్‌లోనూ మిడ్లింగే కావాలి. 1870లో న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజి, మరుసటి ఏడాది న్యూ ఓర్లీన్స్ ఎక్స్ఛేంజి వచ్చాయి. ఇంకా పండని పత్తిని నెలల ముందే కొనే ఫ్యూచర్స్ బేరాలు వాటిలో స్థిరపడ్డాయి.

మన పత్తి ఈ కథలోకి తలవంపులతోనే ప్రవేశించింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దక్షిణ రేవులు మూతపడగానే లాంకషైర్ బొంబాయి వైపు తిరిగింది. అక్కడి నుంచి పోయిన పత్తినంతా సూరత్ అనేవారు. పొట్టి పింజ, గింజ ముక్కలు, ఇసుక, తూకం పెరగడానికి చల్లిన నీళ్లు. దాన్ని వడకవలసి వచ్చిన కూలీలు ఆ పేరును తిట్టుగా వాడుకున్నారు. 1863లో బొంబాయి ప్రభుత్వం పత్తి మోసాల చట్టం తెచ్చింది. కల్తీ చేసినవాణ్ని శిక్షించే చట్టమది. శుభ్రమైన పత్తి తెచ్చినవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ ముట్టే దారి మాత్రం అందులో లేదు. అసలు లోటు అదేనని నా నమ్మకం. కోత పద్ధతి ప్రకారం పడితే, అదనం కూడా పద్ధతి ప్రకారం దక్కితే, కల్తీ చేయాలన్న ఆశ సగం అక్కడే చస్తుంది. అందరికీ ఒకే ధర కడితే శుభ్రంగా ఏరినవాడే నష్టపోతాడు.

ఆ రోజుల్లో మన పత్తికి రకం పేరంటే ఊరి పేరో రేవు పేరో. కృష్ణా, గుంటూరు సీమల ఎర్రఛాయ పత్తి కాకినాడ రేవు నుంచి పోయేది కాబట్టి వ్యాపారుల జాబితాల్లో దాని పేరు కొకనాడాస్. కర్నూలు, బళ్లారి వైపుది నార్తర్న్స్, వెస్టర్న్స్. వరంగల్ వైపు పత్తి ఆ ఊరి పేరుతోనే చలామణీ అయ్యేది. రాయలసీమ రైతు తన లెక్కలో ముంగారి, హింగారి అని కారును బట్టి వేరు చేసుకునేవాడు. కొనేవాడి లెక్కలో అంతా ఒక్కటే. ఊరి పేరే రకం పేరైనప్పుడు ఒకరి చేనులో పాపం అందరి పద్దులోనూ పడుతుంది. పక్కవాడు తడి పత్తి కలిపితే నా పొడి పత్తికీ అదే కోత.

కోత మీద అసలైన యుద్ధం జరిగింది మాత్రం న్యూయార్క్‌లో. ఆ కథ కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

ఫ్యూచర్స్ ఒప్పందంలో ధర మిడ్లింగ్‌కు రాసుకుంటారు. గడువు తీరాక అమ్మినవాడు మిడ్లింగే ఇవ్వనక్కర్లేదు. పై రకమిస్తే అదనం పుచ్చుకుంటాడు, కింది రకమిస్తే కోత భరిస్తాడు. ఆ అదనమూ కోతా ఎంతెంత అన్నది న్యూ ఓర్లీన్స్‌లో బజారు నిర్ణయించేది. ఆ రోజు ఊళ్లో ఏ రకం ఎంతకు అమ్ముడవుతోందో ఆ తేడాయే ఒప్పందంలోని తేడా. న్యూయార్క్‌లో అలా కాదు. ఎక్స్ఛేంజి సభ్యుల కమిటీ ఒకటి సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి కూర్చుని తేడాల పట్టిక రాసేది. ఆ పట్టిక మళ్లీ కమిటీ కూర్చునేదాకా చెల్లేది.

1906 సెప్టెంబరు చివర మెక్సికో సింధుశాఖ తీరాన పెద్ద తుపాను వచ్చింది. కాయ పగిలి ఏరడానికి సిద్ధంగా ఉన్న పత్తి తడిసి మరకలు పట్టింది. కింది రకాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి, మంచి రకం కరువైంది. బజారులో కింది రకాల ధర బాగా పడిపోయింది. న్యూయార్క్ కమిటీ పట్టికలో వాటికి కోత ఆ మేరకు పెరగలేదు. అమ్మినవాళ్లు బజారులో చవగ్గా దొరికే మరక పత్తిని కొని ఒప్పందం కింద అప్పజెప్పసాగారు. ఏ చెత్త అంటగడతారో తెలియని ఒప్పందాన్ని మంచి ధరకు ఎవరు కొంటారు? ఫ్యూచర్స్ ధర నేల చూపులు చూసింది. టెక్సాస్‌లో రైతు తన మిడ్లింగ్ పత్తి అమ్మబోతే, కొనేవాడు చూపించేది ఆ పడిపోయిన న్యూయార్క్ ధరనే. తుపాను ఒక తీరాన్ని కొట్టింది. పట్టిక మాత్రం తుపాను ముఖం చూడని రైతును కూడా కొట్టింది.

ఫెడరల్ ప్రభుత్వ కార్పొరేషన్ల కమిషనర్ హెర్బర్ట్ నాక్స్ స్మిత్ దీని మీద విచారణ జరిపి, 1908, 1909లలో వెలువరించిన నివేదికల్లో న్యూయార్క్ పద్ధతిని గట్టిగా తప్పుపట్టాడు. నా దృష్టిలో పత్తి రైతుల పక్షాన రాసిన గొప్ప పత్రాల్లో అవి ఉంటాయి, రైతు గురించి వాటిలో నేరుగా ఉన్నది కొద్దే అయినా. తేడాలను కమిటీ గదిలోంచి తెచ్చి బజారులో పెట్టాలన్నదే వాటి సారం.

ఆ దశకంలోనే ఇంకో కుంభకోణం బయటపడింది. అమెరికా వ్యవసాయ శాఖ పత్తి దిగుబడి అంచనాలు ప్రకటించేది, వాటిని బట్టి ధర ఎగిరి పడేది. 1905లో ఆ శాఖ గణాంక ఉద్యోగి ఎడ్విన్ హోమ్స్ అంచనాలను ముందుగానే స్పెక్యులేటర్లకు చేరవేస్తున్నట్టు తేలింది. కిటికీ తెరను ఎత్తుగానో దిగువగానో ఉంచి బయట నిలబడ్డవాడికి సైగ చేశాడని ఆ కథ ఇప్పటికీ చెబుతారు. అప్పటి నుంచి నివేదిక తయారయ్యే గదికి తాళం వేసి, తంతి తీగలు, ఫోన్లు తెంచి, ప్రకటించే నిమిషం దాకా ఎవరినీ బయటికి వదలని పద్ధతి స్థిరపడింది.

ఈ రెండు గాయాల తర్వాత 1914లో కాటన్ ఫ్యూచర్స్ చట్టం వచ్చింది. ప్రభుత్వ ప్రమాణాలకు లోబడని ఒప్పందం మీద పౌనుకు 2 సెంట్ల పన్ను వేసింది. పన్ను బిల్లు పుట్టవలసిన సభలో పుట్టలేదన్న కారణంతో కోర్టు దాన్ని కొట్టేసింది. 1916లో మళ్లీ తెచ్చారు. నాకు ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒక చిన్న నిబంధన. ఒప్పందంలోని తేడాలు బజారులో నిజంగా నడిచిన తేడాలే కావాలి. ఒప్పందం జరిగిన ఊళ్లో అసలైన సరుకు బజారు లేకపోతే, నిజంగా పత్తి చేతులు మారే కనీసం 5 బజార్లను వ్యవసాయ శాఖ గుర్తించాలి, వాటిలో నడిచిన తేడాల సగటే చెల్లాలి. దాంతో కోత కమిటీ చేతిలోంచి జారి బజారు వార్త అయింది.

తర్వాతి అడుగులు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. 1923లో అమెరికా ప్రమాణాలనే లివర్‌పూల్‌తో సహా ఐరోపా ఎక్స్ఛేంజీలు ఒప్పుకోవడంతో అవి విశ్వ ప్రమాణాలయ్యాయి. 1937 నాటి స్మిత్-డాక్సీ చట్టం రైతు పత్తిని ప్రభుత్వ నిపుణుడే ఉచితంగా పరీక్షించి రకం రాసిచ్చే ఏర్పాటు చేసింది. గుడిసెలోనో గిడ్డంగిలోనో ఒంటరిగా కొనుగోలుదారు ఎదుట నిలబడ్డ రైతు చేతికి మొదటిసారి ఒక కాగితం వచ్చింది. తన పత్తి ఏమిటో కొనేవాడికన్నా ముందు తనకు తెలిసింది. 1980ల నుంచి యంత్రాలు వచ్చాయి. 1991 నాటికి అమెరికా పత్తి నాణ్యత దాదాపు అంతా హెచ్‌వీఐ అనే కొలత యంత్రాల మీదే తేలసాగింది. రంగు, చెత్త, పింజ పొడవు, బలం, సమానత్వం, మైక్రోనేర్. ప్రతి బేలుకూ ఒక నంబరు, ఆ నంబరు మీద ఈ కొలతలు.

మైక్రోనేర్ గురించి ఒక మాట చెప్పాలి, మన రైతులకు కోత పడేచోట ఈ పేరు ఎక్కువ వినపడుతోంది కాబట్టి. పత్తి ముద్దలోంచి గాలి ఎంత సులువుగా దూరిపోతుందో చూసి, పోగు ఎంత సన్నమో, ఎంత పక్వమో లెక్కగట్టే కొలత అది. 3.5కు తక్కువైతే పోగు పండలేదన్నమాట. నూలులో ముడులు పడతాయి, రంగు సరిగా అంటదు. 4.9 దాటితే మోటు, సన్న నూలుకు పనికిరాదు. అమెరికా పట్టికలో రెండు వైపులా కోత ఉంది. 3.7 నుంచి 4.2 దాకా అదనం ఉంది. తక్కువ పడ్డవాడికి కోయడమే కాదు, బాగా పండించినవాడికి ఇంత ఇవ్వాలని ఆ పట్టికే చెబుతుంది.

ఇప్పుడు అమెరికా వ్యవసాయ శాఖ పని దినాల్లో సాయంత్రం రోజువారీ స్పాట్ ధరలు ప్రకటిస్తుంది. ఏడు బజారు ప్రాంతాలు. మూల రకం రంగు 41, ఆకు 4, పింజ 34. అంటే అంగుళంలో 32వ వంతులు 34, మన లెక్కలో సుమారు 27 మిల్లీమీటర్లు. శాఖ విలేఖరులు వ్యాపారులతో, మిల్లులతో, సహకార సంఘాలతో, రైతులతో మాట్లాడి ఆ రోజు జరిగిన బేరాలు సేకరిస్తారు. మూల ధర కింద వరసగా పట్టికలుంటాయి. ఈ రంగుకు ఈ ఆకు అయితే ఇన్ని పాయింట్ల కోత, ఈ పింజకు ఇన్ని పాయింట్ల అదనం. పాయింటంటే సెంటులో నూరో వంతు. అంత చిన్న తేడా కూడా అచ్చులో పడుతుంది. ఇందులో లోపాలు లేవనను. బేరాలు పలచబడిన రోజున అంచనాయే ఆధారమవుతుంది. పెద్ద వ్యాపారులు తక్కువమంది ఉన్నచోట వాళ్ల మాటకు బరువెక్కువ. అయినా టెక్సాస్ రైతు ఆ పట్టిక తెచ్చి కొనేవాడి ముందు పరిచి, నా పత్తికి నువ్వు కోసింది ఎక్కువ అని వేలు పెట్టి చూపించగలడు.

మళ్లీ మన వైపు వద్దాం. ఇక్కడా ప్రయత్నం ఆలస్యంగా మొదలు కాలేదు. 1886లో హైదరాబాద్ రెసిడెన్సీ ఉత్తర్వుతో బేరారులోని కారంజాలో పత్తికి నియంత్రిత మార్కెట్ ఏర్పడింది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. 1897లో బేరారుకు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. మాంచెస్టర్‌కు శుభ్రమైన పత్తి అందాలన్న తొందర వాటి వెనక ఉంది. మార్కెట్ కమిటీల్లో వ్యాపారులే కూర్చున్నారు. తూకం సరిగా ఉండాలి, కమీషన్ ఇంతకు మించకూడదు అని రాసుకున్నారు. కోత ఎంతన్నది మాత్రం కొనేవాడి నోటికే వదిలేశారు. తువాలు కింద చేతులు దాచి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునే పద్ధతి ఎన్నో మండీల్లో సాగింది. అమ్మే రైతు పక్కనే ఉంటాడు, తన పత్తి ధర ఆ గుడ్డ కింద తేలిపోతుంటుంది. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ మండీల అన్యాయాలను విప్పి చెప్పాక 1930లో నిజాం రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం, 1933లో మద్రాసు రాష్ట్రంలో పత్తి, వేరుశనగ, పొగాకులకు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1966 చట్టం వాటి స్థానంలోకి వచ్చింది. గుడ్డ కింద బేరం పోయి బహిరంగ పాట వచ్చింది. అది చిన్న మేలు కాదు, మన పెద్దలు కష్టపడి సాధించుకున్నది. జెండా పాట ఆ దారిలో వచ్చిందే. బహిరంగమైంది మాత్రం మూల ధర ఒక్కటే.

బొంబాయిలో ఈస్టిండియా కాటన్ అసోసియేషన్ 1920లలో ఏర్పడి, ఇప్పుడు కాటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాగా రోజూ స్పాట్ ధరలు ప్రకటిస్తోంది. క్యాండీకి, అంటే 355.62 కిలోల దూదికి ఆ ధర. ఆ జాబితాలో పింజ మిల్లీమీటర్లలో ఉంటుంది, మైక్రోనేర్ ఉంటుంది, చెత్త శాతం ఉంటుంది. రైతు అమ్మేది మాత్రం గింజతో ఉన్న పత్తిని, క్వింటా లెక్కన. క్వింటాలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా దూది వస్తుంది, మిగిలింది దాదాపు గింజే. దూది ఎంత దిగుతుందో, గింజ ఎంత పలుకుతుందో లెక్క కడితే తప్ప బొంబాయి ధర రైతు ధరగా మారదు. ఆ లెక్క జిన్నింగ్ మిల్లు యజమానికి కంఠతా వచ్చు. రైతుకు చెప్పేవారు లేరు.

1970లో ఏర్పడ్డ భారత పత్తి సంస్థ, సీసీఐ, మద్దతు ధరకు కొనడం మొదలుపెట్టాక మాత్రం ఒక కోత అచ్చులోకి వచ్చింది. తేమ కోత. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆపైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు తగ్గుతుంది. 12 శాతం దగ్గర 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే కొనరు. ఈ పట్టిక రైతుకు నోటికి వచ్చు, ఎందుకంటే పట్టిక ఉంది. ఇంటిముందు పత్తి ఆరబోసి, పిడికిట్లోకి తీసుకుని, ఇది పదుందా పన్నెండుందా అని అనుకునే ఆడవాళ్లను ఆదిలాబాద్ పల్లెల్లో చూశాను. కోత ఎంతో ముందే తెలిస్తే రైతు దాన్ని తగ్గించుకునే పని తానే చేసుకుంటాడు. తెలియకపోతే దేన్ని బాగుచేసుకోవాలి?

12 దగ్గర ఉన్న ఆ గీత మాత్రం కఠినమైంది. అక్టోబరు, నవంబరు వానల్లో, మంచులో ఏరిన పత్తి 12 లోపు ఉండడం కష్టం. 12 వరకూ శాతానికి 81 రూపాయలు పోయే రైతు 13 దగ్గర మద్దతు ధరనే పోగొట్టుకుంటాడు. మెట్లుగా దిగుతున్నవాడికి ఉన్నట్టుండి మెట్లు లేకుండా పోతాయి. అక్కడి నుంచి ఖరీదుదారు పిడికిలే మీటరు. 2025లో కపాస్ కిసాన్ యాప్ వచ్చి, అమ్మే రోజును ఫోన్లో ముందే ఖాయం చేసుకోవాలన్నారు. ఆ రోజున వాన పడితే తేమ ఎంతుంటుందో యాప్ చేతిలో లేదు.

మధ్యలో జరిగినవి క్లుప్తంగా: 1966లో దేశంలో పత్తి ఫ్యూచర్స్ ఆగిపోయాయి. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు, అప్పు కలిసి ఎన్నో పత్తి కుటుంబాలను కూల్చాయి. 2002లో బీటీ విత్తనం వచ్చింది. 2011లో న్యూయార్క్ ఫ్యూచర్స్ ధర పౌనుకు 2 డాలర్లు దాటింది. 2021-22లో మన యార్డుల్లో క్వింటా 10,000 రూపాయలు దాటింది. ధర ఎగసిన ఆ ఏడాది కోతల గురించి ఎవరూ మాట్లాడలేదు. సరుకు దొరికితే చాలన్న రోజున తేమ కూడా కొనేవాడి కంటికి ఆనదు. ధర పడిపోయిన ఏడాది అదే పత్తిలో అదే చెయ్యి వంద లోపాలు వెతుకుతుంది. పింజకూ తేమకూ ఏడాదిని బట్టి మారే గుణం లేదు.

2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ వచ్చినప్పుడు రాశికి ముందుగా నాణ్యత పరీక్ష, ఆ తర్వాతే ధర అన్నారు. యార్డులో గంటల మీద వందల బళ్లు దిగే పత్తికి ఆ పరీక్ష చేసే మనుషులూ యంత్రాలూ ఇంకా చాలినంత లేరు. తేమ మీటరు ఉంది. పింజ కొలిచే సాధనం రైతు రాశి దగ్గరికి రావడం నేను చూడలేదు.

మొన్నటి సీజన్లో మా ఊరి రైతు ఒకాయన తక్‌పట్టీ నాకు చూపించాడు. బరువు రాసి ఉంది, ధర రాసి ఉంది, హమాలీ, దడవాయి ఖర్చులు రూపాయలతో సహా విడివిడిగా రాసి ఉన్నాయి. జెండా పాటకు ఆయన ధర ఎందుకు తగ్గిందో రాసే గడి ఆ కాగితంలో లేదు. ఆయన పత్తి అదే వారం జిన్నింగ్ మిల్లులో గింజ వదిలి, 170 కిలోల బేళ్లుగా బిగిసి ఉంటుంది. స్పిన్నింగ్ మిల్లు కొనేముందు ఆ బేళ్ల నమూనా హెచ్‌వీఐ యంత్రం మీదికి ఎక్కుతుంది. పింజ ఇన్ని మిల్లీమీటర్లు, మైక్రోనేర్ ఇంత, బలం ఇంత అని కాగితం వస్తుంది. ఆ కాగితాన్ని బట్టి మిల్లువాళ్లు ఇద్దరూ రూపాయి రూపాయికీ బేరమాడుకుంటారు. ఆయన అప్పటికే ఊళ్లో రెండో ఏరుడుకు కూలీలను మాట్లాడుకుంటున్నాడు.